పిడుదు కాటు

పిడుదు కాటు అంటే పిడుదు లేక గోమారి అని పిలువబడే చిన్న జీవి మనిషి చర్మాన్ని పట్టుకొని రక్తం పీల్చడం. కాటు వలన కలిగే బాధ స్వల్పం. చాలాసార్లు కాటు పడిన సంగతే తెలియదు. అయితే కొన్ని జాతుల పిడుదులు రక్తం పీల్చే సమయంలో తమ లాలాజలంతో పాటు వ్యాధికారక బాక్టీరియాలను, వైరసులను కూడా మనిషి శరీరంలోకి పంపుతాయి. ఇలా వచ్చే వ్యాధులలో ప్రపంచమంతటా ఎక్కువగా వినిపించే పేరు లైమ్ వ్యాధి. తెలుగునాట మాత్రం దీని కంటే ఇండియన్ టిక్ టైఫస్, పిడుదుకు దగ్గరి బంధువైన మరొక చిన్న పురుగు వలన వచ్చే స్క్రబ్ టైఫస్ ముఖ్యమైనవి.

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో రావల్కోల్ వంటి గ్రామాల చుట్టూ మట్టిబాటలు, చెరువు కట్టలు, రాతి గుట్టలు, పొదలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఉదయం పూట పరుగు తీయడానికి నగరవాసులు ఇటువంటి బాటలనే కోరుకుంటారు. తారు రోడ్డు మీద పరుగెత్తేవారికి లేని ఒక చిన్న ప్రమాదం ఈ బాటల మీద ఉన్నది. ఆ ప్రమాదం ఎంత, ఏ రూపంలో ఉన్నది, దానికి ఏమి చేయాలి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

పేరు

ఆంగ్లంలో టిక్ అనబడే జీవికి తెలుగులో పిడుదు, గోమారి అనే పేర్లు గలవు. పశువైద్యులు, పాడి రైతులు ఈ రెండు మాటలనూ వాడతారు. పత్రికలలో మాత్రం దీనిని ఒకసారి పురుగు అని, ఒకసారి నల్లి అని, మరొకసారి పేను అని రాయడం కనిపిస్తుంది. ఇది పాఠకుడిని తికమక పెట్టే అలవాటు. నల్లి మంచంలో ఉండే కీటకం. పేను తలలో ఉండే కీటకం. ఈ రెండింటికీ ఆరు కాళ్ళు. పిడుదు కీటకం కాదు. అది సాలెపురుగు, తేలు చేరిన ఎరాక్నిడా తరగతికి చెందినది. పెరిగిన పిడుదుకు ఎనిమిది కాళ్ళుంటాయి. వ్యవసాయంలో మిరప, వంగ పైరులను పాడుచేసే ఎర్రనల్లి కూడా పేరుకు నల్లియే గాని నిజానికి పిడుదు వర్గానికి దగ్గరిది.

తొలకరి వానలకు, ఆరుద్ర కార్తెలో, ఎర్ర మఖమలు ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగును తెలుగు పిల్లలందరూ ఎరుగుదురు. అదీ ఈ వర్గానిదే. ఆరుద్ర పురుగు మనిషికి ఏ హానీ చేయదు. అయితే స్క్రబ్ టైఫస్‌ను మోసే చిగ్గర్ అనే పురుగు దానికి జ్ఞాతి. ఈ సంబంధం గుర్తుంచుకుంటే వానకాలం తరువాత పొదలలో ఏమి ఉండవచ్చునో ఊహించడం సులభం.

జీవి స్వరూపం, జీవిత చక్రం

పిడుదులలో రెండు పెద్ద కుటుంబాలు ఉన్నాయి. వీపు మీద గట్టి పెంకు ఉన్నవి ఇక్సోడిడే కుటుంబం. పెంకు లేకుండా తోలు సంచి వలె ఉన్నవి అర్గాసిడే కుటుంబం. కోళ్ళగూళ్ళలో కనిపించేవి ఎక్కువగా రెండవ రకానివి. మనిషికి వ్యాధులు తెచ్చేవాటిలో ఎక్కువ భాగం గట్టి పిడుదులు.

గుడ్డు, లార్వా, నింఫ్, ప్రౌఢ జీవి అని పిడుదు జీవితంలో నాలుగు దశలు. గుడ్డు నుండి వచ్చిన లార్వాకు ఆరు కాళ్ళే ఉంటాయి. నింఫ్ దశ నుండి ఎనిమిది. గుడ్డు తరువాతి ప్రతి దశలోనూ అది రక్తం తాగాలి. కొన్ని జాతులు మూడు దశలకూ మూడు వేరు వేరు జంతువులను ఆశ్రయిస్తాయి. ఒక జంతువు రక్తంలోని సూక్ష్మజీవి మరొక జంతువుకు చేరడానికి ఇదే కారణం. పశువుల మీద సాధారణంగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ మాత్రం తన జీవితంలో మూడు దశలనూ ఒకే పశువు మీద గడుపుతుంది. అందుచేత అది పశువుకు ఎంత బాధ కలిగించినా మనిషి జోలికి వచ్చేది తక్కువ.

రక్తం తాగని పిడుదు నువ్వుగింజంత ఉంటుంది. కడుపునిండా తాగిన ఆడ పిడుదు ఆముదపు గింజలా ఉబ్బుతుంది. దాని బరువు మొదటి బరువుకు వంద రెట్ల వరకు పెరగవచ్చును. ఆ తరువాత అది రాలిపడి, నేల పగుళ్ళలోనో, గోడ సందులలోనో వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చనిపోతుంది. కుక్కలున్న ఇళ్ళలో గోడల మీద పిడుదు పిల్లలు పాకుతూ కనిపించడానికి ఇదే కారణం.

కాటు జరిగే తీరు

పిడుదు ఎగరలేదు, దుమకలేదు. చెట్టు మీద నుండి మనిషి మీద రాలిపడుతుందనే నమ్మకం కూడా సరి కాదు. అది గడ్డిపరక కొసకో, మోకాలి ఎత్తు పొద ఆకు అంచుకో ఎక్కి, వెనుక కాళ్ళతో దానిని పట్టుకొని, ముందు కాళ్ళు చాచి కాచుకొని ఉంటుంది. ముందు కాళ్ళ మీద హాలర్ అవయవం అనే జ్ఞానేంద్రియం ఉన్నది. ప్రాణి విడిచే బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని, వాసనను దానితో పసిగడుతుంది. ఆ దారిన పోయే కాలు తగలగానే పట్టుకుంటుంది. హయలోమా అనే ప్రజాతి పిడుదులు మాత్రం కాచుకొని ఊరుకోవు. నేల మీద పరుగెత్తి వచ్చి పట్టుకుంటాయి.

ఒంటి మీదికి చేరిన పిడుదు వెంటనే కరవదు. చర్మం పలుచగా, వెచ్చగా, చెమ్మగా ఉన్న చోటు కోసం వెతుకుతుంది. చీలమండ దగ్గర ఎక్కినది మోకాలి వెనుకకో, గజ్జలకో, నడుము పట్టీ కిందికో, చంకలోకో, చెవి వెనుకకో చేరుతుంది. ఈ వెతుకులాటకు గంటలు కూడా పట్టవచ్చును. పరుగు ముగిసిన వెంటనే స్నానం చేయడం ఎందుకు మేలో దీనిని బట్టి తెలుస్తుంది.

పిడుదు లాలాజలంలో చర్మాన్ని మొద్దుబార్చే పదార్థం, రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉంటాయి. చాలా గట్టి పిడుదులు సిమెంటు వంటి జిగురును కూడా స్రవించి తమ నోటి భాగాలను చర్మానికి అతికించుకుంటాయి. చేతితో లాగితే తల లోపలే ఉండిపోయిందని జనం చెప్పుకునేది ఈ నోటి భాగాలను గురించే. దోమ కొన్ని క్షణాలలో తన పని ముగించుకొని పోతుంది. గట్టి పిడుదుకు రోజులు పడుతుంది. మనిషికి అనుకూలమైన సంగతి ఇదే. వ్యాధి అంటుకునే లోపల దానిని కనిపెట్టి తీసివేయడానికి తరచుగా వ్యవధి ఉంటుంది.

రావల్కోల్ పరిసరాలు

రావల్కోల్, మేడ్చల్ మండలానికి చెందిన ఊరు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణ వరకు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఇప్పుడు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్నది. పడమట నాగపూరు జాతీయ రహదారి, తూర్పున కరీంనగరుకు పోయే రాజీవ్ రహదారి ఈ ప్రాంతాన్ని నగరానికి కలుపుతున్నాయి. శామీర్‌పేట చెరువు, దాని సమీపంలోని జవహర్ జింకల పార్కు, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ పరిశ్రమలు ఈ దిక్కుననే ఉన్నాయి. టీకాలు తయారుచేసే ప్రయోగశాలలకు కొద్ది దూరంలోనే గొర్రెల మందలు మేయడం ఈ ప్రాంతపు విశేషం.

దక్కను పీఠభూమిలోని ఇతర చోట్ల వలెనే ఇక్కడ కూడా గ్రానైటు బండలు, వాటి మధ్య తంగేడు, సీతాఫలం, రేగు, లాంటానా పొదలు, సర్కారు తుమ్మ కనిపిస్తాయి. పిడుదు బ్రతకడానికి గాలిలో తేమ కావాలి, రక్తం ఇచ్చే జంతువు కావాలి. ఎండాకాలంలో ఇక్కడి బోడి నేల మీద దానికి తేమ దొరకదు. వానలు మొదలై గడ్డి మోకాలి ఎత్తు పెరిగినప్పటి నుండి చలికాలం తొలి రోజుల వరకు రెండూ దొరుకుతాయి. మందలు విశ్రమించే చెట్ల నీడ, పశువులు నీటికి దిగే చెరువు అంచు, పాడుపడిన కొట్టాలు, వీధికుక్కలు పడుకునే చోట్లు, ఎలుకలు బొరియలు చేసుకున్న పొలం గట్లు ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోట్లు. బండ్లు నడిచి అరిగిన బాట నడిమి భాగంలో ప్రమాదం దాదాపు లేదు. పరుగు తీసేవాడికి కాటు పడేది ఎక్కువగా పరుగెత్తుతున్నప్పుడు కాదు. మూత్రవిసర్జనకు పొద పక్కకు వెళ్ళినప్పుడు, గడ్డి మీద కూర్చొని కాళ్ళు సాచి వ్యాయామం చేసినప్పుడు, తువ్వాలును, సంచిని పొద మీద వేసినప్పుడు పిడుదు ఎక్కే అవకాశం హెచ్చు.

లైమ్ వ్యాధి

అమెరికా దేశపు కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్, ఓల్డ్ లైమ్ అనే చిన్న ఊళ్ళు ఉన్నాయి. 1975లో అక్కడ చాలామంది పిల్లలకు కీళ్ళవాపులు వస్తున్నట్లు వారి తల్లులు గమనించారు. ఒకే వీధిలో ఇంతమంది పిల్లలకు అరుదైన కీళ్ళవాతం రావడం సహజం కాదని వారు పట్టుబట్టి ఆరోగ్య శాఖకు తెలిపారు. పాలీ మర్రీ అనే గృహిణి పాత్ర ఇందులో ముఖ్యమైనది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెన్ స్టీర్ బృందం ఈ విషయాన్ని పరిశోధించి 1977లో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల కడుపులో మర మేకు వలె మెలితిరిగిన బాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించాడు. అతని పేరు మీదుగానే దానికి బొర్రీలియా బర్గ్‌డార్ఫెరై అని పేరు వచ్చింది. వైద్యులు తేలికగా తీసుకున్న విషయాన్ని సామాన్య గృహిణులు వదలకపోవడం వలన ఒక వ్యాధి వెలుగులోకి రావడం వైద్య చరిత్రలో చెప్పుకోదగిన సంఘటన.

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతంలో ఈ వ్యాధిని ఇక్సోడిస్ స్కాపులారిస్ అనే నల్లకాళ్ళ పిడుదు మోస్తుంది. ఐరోపాలో ఇక్సోడిస్ రిసినస్, ఉత్తర ఆసియాలో ఇక్సోడిస్ పర్సల్కేటస్ ఆ పని చేస్తాయి. బాక్టీరియాకు నిలయం చిన్న ఎలుకలు, పక్షులు. జింకలు పెరిగిన పిడుదులకు ఆహారమై వాటి సంఖ్యను పెంచుతాయి గాని బాక్టీరియాను నిలుపుకోవు. గసగసాల గింజంత ఉండే నింఫ్ దశ పిడుదు కంటికి ఆనదు కనుక ఎక్కువమందికి దాని వలననే వ్యాధి వస్తుంది.

సాధారణంగా పిడుదు 24 గంటలకు పైగా అంటుకొని ఉంటేనే బాక్టీరియా శరీరంలోకి చేరుతుంది. కాటు తరువాత 3 నుండి 30 రోజులలో, 100 మందిలో 70 నుండి 80 మందికి, ఎర్రని మచ్చ ఏర్పడి క్రమంగా వెడల్పు అవుతుంది. కొందరిలో మధ్య భాగం తెల్లబడి విలుకాడి గురి పలకలా కనిపిస్తుంది. అందరిలోనూ ఇలా ఉండదు. ముదురు రంగు చర్మం మీద ఈ ఎరుపు ఊదా రంగుగానో, కమిలినట్లుగానో మాత్రమే కనిపించవచ్చును. పాఠ్యపుస్తకాలలోని బొమ్మలు చాలావరకు తెల్లవారి చర్మానివి కావడం వలన భారతీయులలో దీనిని పోల్చుకోలేకపోయే ప్రమాదం ఉన్నది. మచ్చతో పాటు జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, అలసట ఉంటాయి. వైద్యం చేయకపోతే వారాలు, నెలల తరువాత ముఖంలో ఒక పక్క పక్షవాతం, గుండె లయ తప్పడం, మోకాళ్ళ వాపు రావచ్చును. తొలి దశలో డాక్సీసైక్లిన్, అమాక్సిసిల్లిన్ వంటి సాధారణ మందులతో నయమవుతుంది. తొలి వారాలలో రక్తపరీక్షలో ప్రతిరక్షకాలు కనిపించకపోవచ్చును కనుక మచ్చను చూసి వైద్యం ప్రారంభించడమే పద్ధతి. 1998లో అమెరికాలో లైమరిక్స్ అనే టీకా అనుమతి పొందినా 2002లో తయారీదారే దానిని విపణి నుండి ఉపసంహరించుకొన్నాడు.

భారతదేశంలో సిమ్లా, హర్యానా, కర్నాటక, కేరళ ప్రాంతాల నుండి లైమ్ వ్యాధి అక్కడక్కడా నివేదించబడినది. అవి చాలావరకు కొండలు, అడవుల దగ్గరివి, లేదా విడి రోగుల వృత్తాంతాలు. హైదరాబాదు చుట్టుపట్ల పశువుల మీద, కుక్కల మీద సాధారణంగా కనిపించేవి రిపిసెఫాలస్, హయలోమా ప్రజాతులు. లైమ్ బాక్టీరియాను మోసే ఇక్సోడిస్ చల్లని, తేమగల అడవుల జీవి. అందువలన రావల్కోల్ బాట మీద కాటు పడిన వ్యక్తి లైమ్ గురించి దిగులు పడనవసరం లేదు. అంతమాత్రం చేత జ్వరాన్ని తేలికగా తీసుకోకూడదు.

తెలుగునాట అసలైన ప్రమాదం

స్క్రబ్ టైఫస్ వ్యాధికి కారణం ఓరియెన్షియా సుసుగముషి అనే బాక్టీరియా. జపాను భాషలో సుసుగ అంటే జబ్బు, ముషి అంటే పురుగు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలోని సైనికులను ఈ వ్యాధి విపరీతంగా పీడించింది. దీనిని మోసేది పిడుదు కాదు, లెప్టోట్రాంబిడియం అనే చిగ్గర్ పురుగు యొక్క లార్వా. ఇది మిల్లీమీటరులో చిన్న భాగమంత ఉండి కంటికి దాదాపు కనిపించదు. ఎలుకల మీద బ్రతుకుతుంది. పొదలలో తిరిగిన మనిషిని పొరపాటున కరుస్తుంది. చిగ్గర్‌ను వెతికి తీయడం సాధ్యం కాదు కనుక లైమ్ విషయంలో చెప్పిన వ్యవధి ఇక్కడ ఉపయోగపడదు.

కాటు పడిన 6 నుండి 21 రోజులలో తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. కాటు పడిన చోట నొప్పి లేని చిన్న పుండు ఏర్పడి, పైన నల్లని పొక్కు కడుతుంది. సిగరెట్టుతో కాల్చినట్లుండే ఈ మచ్చను ఎస్కార్ అంటారు. ఇది అందరిలోనూ ఉండదు. ఉన్నా చంకలోనో, గజ్జలలోనో, రొమ్ము కిందనో, నడుము పట్టీ కిందనో దాగి ఉంటుంది. నొప్పి ఉండదు కనుక రోగి చెప్పడు. వైద్యుడు వెతికితేనే దొరుకుతుంది. వ్యాధి ముదిరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది.

ఇది కొత్తగా వచ్చిన వ్యాధి అని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రబలిన స్క్రబ్ టైఫస్ గురించి హైదరాబాదులోని నిమ్స్ వైద్యులు తమ అనుభవాన్ని 2014లో ప్రచురించారు. తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు కూడా దీనిపై పరిశోధనలు చేశారు. 2025 చివరి నెలలలో ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల నుండి కేసులు రావడంతో ఇది మళ్ళీ వార్తలకెక్కింది.

ఇండియన్ టిక్ టైఫస్ మాత్రం పిడుదు వలననే వస్తుంది. దీనికి కారణం రికెట్సియా కొనోరై అనే బాక్టీరియా. కుక్క పిడుదు అయిన రిపిసెఫాలస్ సాంగ్వినియస్ దీని ముఖ్య వాహకం. జ్వరం వచ్చిన కొద్ది రోజులకు ఒంటి మీద దద్దు లేస్తుంది. అరచేతులలో, అరికాళ్ళలో కూడా దద్దు కనిపించడం దీని గుర్తు. ఇంట్లో కుక్క ఉన్నదా, దానికి పిడుదులు ఉన్నాయా అని వైద్యుడు అడిగితే ఆ ప్రశ్నకు అర్థం ఇదే.

ఈ రెండు వ్యాధులలోని చిక్కు ఏమిటంటే, ఇవి వచ్చే వానాకాలం, శరత్కాలాలలోనే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గడం వీటిలోనూ ఉంటుంది. టైఫాయిడ్ అనుకొని ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ వంటి సూదిమందులు, పెనిసిలిన్ జాతి మందులు ఈ బాక్టీరియాల మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే చవకైన మాత్ర పనిచేస్తుంది. సరైన సమయంలో మొదలుపెడితే సాధారణంగా రెండు మూడు రోజులలో జ్వరం దిగుతుంది. గర్భవతులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో ఈ రెండు మందులను కలిపి ఇవ్వడం మేలని భారతదేశపు ఆసుపత్రులలో జరిగిన పరిశోధన 2023లో వెల్లడించింది. పాతదైన వీల్-ఫెలిక్స్ పరీక్ష అంత నమ్మదగినది కాదు. ఐజీఎం ఎలైజా పరీక్ష మెరుగైనది. అయితే తొలి రోజులలో ఏ ప్రతిరక్షక పరీక్ష అయినా తప్పిపోవచ్చును. అందుచేత అనుమానం బలంగా ఉన్నప్పుడు వైద్యులు ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. మందును సొంతంగా కొని వాడుకోవడం కంటే, గత మూడు వారాలలో పొదలలో తిరిగిన సంగతిని వైద్యునికి స్వయంగా చెప్పడం రోగి చేయగలిగిన మంచి పని. అడగనిదే చెప్పకూడదనే సంకోచం ఇక్కడ పనికిరాదు.

పొరుగు ప్రాంతాలలోని పిడుదు వ్యాధులు

1957లో కర్నాటకలోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో క్యాసనూరు అడవిలో కోతులు చనిపోవడం, సమీప గ్రామాలలో జనానికి రక్తస్రావంతో కూడిన జ్వరం రావడం జరిగింది. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం దీనికి కారణమైన వైరసును కనుగొన్నది. దీనికి క్యాసనూరు అటవీ వ్యాధి అని పేరు. కన్నడిగులు కోతి జ్వరం అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. హీమఫైసాలిస్ స్పినిజెరా అనే అడవి పిడుదు దీని వాహకం. ఇది తరువాత కేరళ, గోవా, తమిళనాడు, మహారాష్ట్రలకు వ్యాపించింది. పాత టీకా బలహీనమైనదని తేలి 2022లో నిలిపివేయబడినది. కొత్త టీకా తయారీకి భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుకు చెందిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థతో చేయి కలిపింది. పడమటి కనుమలలో పరుగు పందేలకు, కొండలెక్కడానికి వెళ్ళే తెలుగువారు డిసెంబరు నుండి మే వరకు ఈ వ్యాధిని గుర్తుంచుకోవాలి. అడవిలో చనిపోయిన కోతి కనిపిస్తే దగ్గరకు పోకుండా అధికారులకు తెలపాలి.

2011 జనవరిలో గుజరాత్‌లో అహ్మదాబాదు సమీపాన క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం బయటపడినది. హయలోమా పిడుదులు దీని వాహకాలు. రోగికి చికిత్స చేసిన ఆసుపత్రి సిబ్బంది కూడా దీనికి బలయ్యారు. పశువుల నుండి తీసిన పిడుదును గోటితో నలపడం పల్లెలలో చాలా మామూలు అలవాటు. ఈ వ్యాధి పిడుదు రసం తగిలినా రాగలదు కనుక ఆ అలవాటును మానుకోవాలి.

పశువుల సంగతి

కీటకాలు, పిడుదుల వంటివి వ్యాధులను మోస్తాయని మొదట రుజువైనది పశువుల వ్యాధితోనే. రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమలో మలేరియా పరాన్నజీవిని కనుగొనడానికి నాలుగేళ్ళ ముందే, 1893లో, థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే అమెరికన్లు టెక్సాస్ పశువుల జ్వరాన్ని పిడుదులు వ్యాపింపజేస్తాయని నిరూపించారు. మన పాడి పశువులలో, ముఖ్యంగా సంకరజాతి ఆవులలో, హయలోమా పిడుదుల వలన థైలేరియా వ్యాధి వస్తుంది. దీనికి రక్షావ్యాక్-టి అనే టీకా ఉన్నది. దొడ్డి గోడల పగుళ్ళు పూడ్చడం, సున్నం వేయడం, పశువైద్యుని సలహాతో మందు పిచికారీ చేయడం వలన పశువుకే గాక ఆ బాటన నడిచే మనిషికీ మేలు కలుగుతుంది.

పిడుదును తీసే పద్ధతి

కిరసనాయిలు పోయడం, వెలిగించిన అగ్గిపుల్ల తగిలించడం, సున్నం, పొగాకు రసం పూయడం వంటి పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఇవన్నీ హానికరం. ఉక్కిరిబిక్కిరైన పిడుదు తన కడుపులోనిది వెనుకకు కక్కి, వ్యాధి అంటే అవకాశాన్ని పెంచవచ్చునని వైద్యులు హెచ్చరిస్తారు.

సన్నని మొన గల ట్వీజర్లతో పిడుదును చర్మానికి వీలైనంత దగ్గరగా, తల భాగంలో పట్టుకోవాలి. మెలి తిప్పకుండా, కుదుపు లేకుండా, నెమ్మదిగా నిలువుగా పైకి లాగాలి. ఉబ్బిన పొట్టను నొక్కకూడదు. నోటి ముక్క లోపల ఉండిపోయి, తేలికగా రాకపోతే, సూదితో కెలకకుండా వదలివేయవచ్చును. చర్మమే దానిని కొద్ది రోజులలో బయటికి నెట్టివేస్తుంది. ఆ చోటును, చేతులను సబ్బుతో కడిగి స్పిరిటు పూయాలి. ట్వీజర్లు లేనప్పుడు వేళ్ళకు కాగితమో, ప్లాస్టిక్ సంచియో చుట్టుకొని తీయవచ్చును. తీసిన పిడుదును స్పిరిటు ఉన్న చిన్న సీసాలో వేసి తేదీ రాసి ఉంచితే, తరువాత జ్వరం వచ్చినప్పుడు వైద్యునికి చూపడానికి పనికివస్తుంది.

పరుగు తీసేవారికి జాగ్రత్తలు

వానకాలంలోనూ, ఆ తరువాతి రెండు మూడు నెలలలోనూ బాట నడుమనే పరుగెత్తడం, గడ్డి పెరిగిన ఇరుకు దారులను మానుకోవడం అన్నింటికంటె సులభమైన రక్షణ. పొడవు మేజోళ్ళు ధరించి, ప్యాంటు అంచును వాటిలోనికి దోపుకోవాలి. హైదరాబాదు ఉక్కపోతలో ఇది కష్టమే. కనీసం లేతరంగు బట్టలు వేసుకుంటే పాకే పిడుదు కంటపడుతుంది. డీట్ కలిగిన లేపనాన్ని కాళ్ళకు రాసుకోవచ్చును. పెర్మెత్రిన్ మందును బట్టలకు, బూట్లకు మాత్రమే పట్టించాలి, ఒంటికి రాయకూడదు. విశ్రాంతికి గడ్డి మీద గాక బండ మీద కూర్చోవడం మంచిది. బండ సందులలో తేళ్ళు లేవని చూసుకోవాలన్నది వేరే మాట.

ఇంటికి రాగానే, రెండు గంటల లోపల, ఒళ్ళు రుద్దుకొని స్నానం చేయాలి. ఇంకా అంటుకోని పిడుదులు, చిగ్గర్‌లు దీనితో పోతాయి. అద్దం సాయంతో మోకాలి వెనుక, గజ్జలు, బొడ్డు, చంకలు, చెవుల వెనుక చూసుకోవాలి. పిల్లలకు తల వెంట్రుకలలో కూడా వెతకాలి. విడిచిన బట్టలను మంచం మీద పడవేయకుండా వేడినీటిలో ఉతకాలి. వెంట వచ్చిన కుక్క ఉంటే దాని చెవులు, కాలివేళ్ళ సందులు పరిశీలించాలి. కుక్క ద్వారా ఇంటిలోకి చేరిన పిడుదు బాట మీద ఎక్కిన పిడుదు కంటె ఎక్కువ కాలం బాధిస్తుంది.

విదేశాలలోని తెలుగువారు

లైమ్ వ్యాధి తెలుగువారికి నిజంగా ఎదురయ్యే చోటు అమెరికా ఈశాన్య రాష్ట్రాలు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాలలో ఈ వ్యాధి హెచ్చు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడినదీ అక్కడే. అమెరికాలో ఏటా దాదాపు 4,76,000 మందికి లైమ్ వ్యాధి చికిత్స జరుగుతున్నదని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా వేసింది. పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్ళే తల్లిదండ్రులు పెరటిలో కూరగాయల మళ్ళు వేయడం, ఇంటి వెనుక చెట్ల మధ్య వాహ్యాళికి పోవడం సర్వసాధారణం. పిడుదు నింఫ్‌లు ఎక్కువగా తిరిగే మే, జూన్, జూలై నెలలూ అవే. అక్కడ నల్లకాళ్ళ పిడుదు చాలాసేపు అంటుకొని ఉన్నట్లు తేలితే, తీసిన 72 గంటల లోపల ఒకే మోతాదు డాక్సీసైక్లిన్ ఇచ్చే పద్ధతి ఉన్నది. రావల్కోల్ పిడుదు కాటుకు ఈ ముందు జాగ్రత్త మందు అవసరం లేదు. జ్వరం కోసం మూడు వారాలు కనిపెట్టుకొని ఉంటే చాలు.

అమెరికాలో కాటు పడి, ఇక్కడికి తిరిగి వచ్చిన తరువాత మచ్చ, మోకాలి వాపు, మూతి వంకర పోవడం వంటి లక్షణాలు బయటపడవచ్చును. హైదరాబాదు వైద్యునికి లైమ్ వ్యాధి రోజూ కనిపించేది కాదు కనుక, ఏ రాష్ట్రంలో, ఏ నెలలలో ఉన్నదీ రోగి చెప్పవలసి ఉంటుంది. అదే విధంగా ఇక్కడి పొలాలలో తిరిగి వెళ్ళి న్యూజెర్సీలో జ్వరపడినవారు అక్కడి వైద్యునికి స్క్రబ్ టైఫస్ పేరు చెప్పి, ఒంటి మీద నల్లని పొక్కు ఉన్నదేమో చూడమని అడగాలి.